మొదట ఆస్పత్రి, పదిహేనేళ్లకు డాక్టరు

సస్కాచువాన్ అనే కెనడా ప్రావిన్సును, అంటే మన రాష్ట్రం లాంటిదాన్ని, పదిహేడేళ్లు ఏలిన టామీ డగ్లస్ పేరెత్తగానే అందరూ ఆ దేశపు ఉచిత వైద్యం గురించి మాట్లాడతారు. ఆ రోజుల సంగతి బాగా తెలిసినవాళ్లు మాత్రం ఒక చిన్న అంకె దగ్గర మొదలుపెడతారు. మనిషికి ఏడాదికి 5 డాలర్లు, ఇంట్లో ఎంతమంది ఉన్నా 30 దాటదు. 1947 జనవరి 1 నుంచి సస్కాచువాన్ ప్రావిన్సులో ఆ డబ్బు కట్టిన కుటుంబానికి ఆస్పత్రి బిల్లు బెడద తప్పింది. జనరల్ వార్డులో మంచం, భోజనం, నర్సుల సేవ, ఆపరేషన్ థియేటర్ ఖర్చు అన్నీ అందులోనే. డాక్టరు ఫీజు మాత్రం రోగే ఇచ్చుకోవాలి. ఆ ఒక్కటీ కలవడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. డగ్లస్ ఎలాంటి నాయకుడో తెలియాలంటే ఆ పదిహేనేళ్లూ ఎందుకు ఆగాడో చూడాలి.

ఇవాళ టొరంటోలోనో కాల్గరీలోనో ఉంటున్న మనవాళ్లు క్లినిక్కులో హెల్త్ కార్డు చూపించి, డబ్బు కట్టకుండా బయటికొస్తారు. ఆ కార్డుకు పూర్వరూపం అప్పుల్లో కూరుకుపోయిన ఈ గోధుమల ప్రావిన్సులో తయారైంది.

డగ్లస్ పుట్టింది 1904 అక్టోబరు 20న, స్కాట్లండులో ఫాల్కర్క్ పక్కన కామెలన్‌లో. ఆయన చిన్నతనంలోనే కుటుంబం కెనడాలోని విన్నిపెగ్‌కు వలస వెళ్లింది. కాలి ఎముకకు పట్టిన చీము జబ్బు తగ్గక, కాలు తీసేయాలన్నారు. ఆపరేషన్లకు ఇంట్లో డబ్బు లేదు. అప్పుడు ఆర్థోపెడిక్ సర్జన్ ఆర్.జె. స్మిత్, తన విద్యార్థులు పక్కన నిలబడి చూసేందుకు తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఉచితంగా చేస్తానన్నాడు. కాలు నిలిచింది. డబ్బున్న ఇంటి పిల్లాడైతే ఈ షరతుతో పనే ఉండేది కాదన్న సంగతి డగ్లస్ జీవితాంతం చెబుతూనే ఉన్నాడు. అదే కాలితో 1922లో మానిటోబా లైట్‌వెయిట్ బాక్సింగ్ చాంపియన్ అయ్యాడు, మరుసటేడు మళ్లీ గెలిచాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరినప్పుడు వైద్య పరీక్షలో పాత కాలు బయటపడి విదేశాలకు పంపలేదు. ఆయన వెళ్లాల్సిన దళం హాంకాంగ్‌లో జపాన్ సైన్యానికి చిక్కింది.

1930లో బాప్టిస్టు పాస్టరుగా వేబర్న్ ఊరికి వచ్చాడు. రాకూడని కాలంలో వచ్చాడనాలి. కరువు, దుమ్ము తుఫాన్లు, మిడతలు, వాటికితోడు గోధుమల ధర. 1932లో బుషెల్, అంటే అక్కడి ధాన్యం కొలత, 40 సెంట్లు కూడా పలకలేదు. పండినవాడికీ ఎండినవాడికీ పెద్ద తేడా లేని రోజులు. 1931 సెప్టెంబరు 29న పక్కనున్న ఎస్టెవాన్‌లో బొగ్గుగని కార్మికుల ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. డగ్లస్ సమ్మె కుటుంబాలకు తిండి సర్దాడు, చర్చిలో గట్టిగా మాట్లాడాడు. 1932లో కోఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్, అంటే సీసీఎఫ్, పుట్టింది. రైతు సంఘాలు, కార్మిక సంఘాలు, కొందరు సోషలిస్టు ప్రొఫెసర్లు కలిసి కట్టిన పార్టీ అది. 1934లో ప్రావిన్సు ఎన్నికల్లో డగ్లస్ ఓడిపోయాడు. 1935లో ఫెడరల్ ఎన్నికల్లో వేబర్న్ నుంచే గెలిచి దేశ రాజధాని ఒట్టావాకు వెళ్లాడు.

ఈ కాలానిదే ఒక మచ్చ ఉంది. అభిమానులు దాన్ని దాటేసి పోతుంటారు. 1933లో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. కోసం రాసిన థీసిస్‌లో డగ్లస్, "లోపమున్న" కుటుంబాలవాళ్లకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయడాన్ని సమర్థించాడు. ఆ రోజుల్లో అలా ఆలోచించినవాళ్లు వామపక్షంలోనూ చాలామందే. 1936లో జర్మనీ చూసొచ్చాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. 1944లో ఆరోగ్య మంత్రి అయ్యాక అలాంటి చట్టం చేయమని సలహా వస్తే పక్కన పెట్టాడు. రాసిందీ నిజమే, చేతికి అధికారం వచ్చాక చేయకపోవడమూ నిజమే. ఒకదాంతో ఇంకోటి చెరిగిపోదు.

సభలో ఆయన మాట వినడానికి ప్రత్యర్థులూ వచ్చేవాళ్లు. మనిషి పొట్టి, గొంతు కంచు. ఎలుకల ఊరి కథ ఆయన నోట వినని రైతు సస్కాచువాన్‌లో ఉండేవాడు కాదేమో. ఎలుకలు ప్రతి ఎన్నికలోనూ పిల్లులకే ఓటేస్తాయి, నల్ల పిల్లులు నచ్చకపోతే తెల్ల పిల్లుల్ని ఎన్నుకుంటాయి. ఒక చిన్న ఎలుక లేచి మనల్ని మనమే ఎన్నుకుంటే పోలా అంటే, దాన్ని కమ్యూనిస్టని జైల్లో వేస్తారు. ఈ కథ మొదట చెప్పింది నోవా స్కోషియాకు చెందిన సీసీఎఫ్ ఎంపీ క్లారెన్స్ గిల్లిస్. దేశమంతా తెలిసేలా చేసింది డగ్లస్.

1942లో సస్కాచువాన్ సీసీఎఫ్ నాయకుడయ్యాడు. 1944 జూన్ 15న ఎన్నికలు. 52 సీట్లలో 47 వచ్చాయి. ఉత్తర అమెరికాలో తొలి సోషలిస్టు ప్రభుత్వం అని పత్రికలు రాశాయి. జూలై 10న డగ్లస్ ప్రీమియర్‌గా, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవిలో, ప్రమాణం చేశాడు. ఆరోగ్య శాఖను తన దగ్గరే ఉంచుకున్నాడు, 1949 దాకా వదల్లేదు. ఆర్థిక శాఖ క్లారెన్స్ ఫైన్స్‌కు, విద్యాశాఖ వుడ్రో లాయిడ్‌కు ఇచ్చాడు. ఈ ఇద్దరూ బడిపంతుళ్లే. 1960 దాకా అవే శాఖలు చూశారు. పదహారేళ్లు ఒకే మనిషి ఖజానా చూడటం ఆ రోజుల్లో కూడా అరుదే.

ఫైన్స్ గురించి ఒక మాట చెప్పాలి. సోషలిస్టు ప్రభుత్వమనగానే అప్పులు చేసి పంచుతారని బ్యాంకులు భయపడ్డాయి. ఈయన దాదాపు ప్రతి ఏడూ మిగులు బడ్జెట్టే చూపించాడు. కరువు కాలపు పాత అప్పు తీరుస్తూ వచ్చాడు. కారణం సిద్ధాంతం కంటే లెక్క. అప్పిచ్చేవాడి చేతిలో పీక ఉంటే కొత్త పథకం ఏదీ మొదలుపెట్టలేం. డగ్లస్‌కు ఈ సంగతి బాగా ఎక్కింది. వడ్డీ కింద పోయే ప్రతి డాలరూ మంచాలకు, బళ్లకు కాకుండా పోయినట్టేనని ఆయన లెక్క.

ఆస్పత్రుల విషయంలో సస్కాచువాన్ అప్పటికే కొంత దారి నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సార్నియా అనే గ్రామీణ మునిసిపాలిటీ, ఊరి డాక్టరు వెళ్లిపోకుండా పన్నుల డబ్బులోంచి ఏడాదికి 1,500 డాలర్లు ఇవ్వజూపింది. అది చూసి మిగతా ఊళ్లు కూడా మునిసిపల్ డాక్టర్లను పెట్టుకున్నాయి. కొన్ని మునిసిపాలిటీలు కలిసి ఒక ఆస్పత్రి కట్టుకునేందుకు 1916 నుంచే చట్టం ఉంది. క్షయకు ఉచిత చికిత్స 1929 నుంచి ఉంది. ఈ పాదుల్లోనే డగ్లస్ తన విత్తనం నాటాడు. ఊరి పన్నుతో డాక్టరును పెట్టుకోవడం అక్కడి రైతుకు కొత్త కాదు కాబట్టి, ప్రభుత్వ బీమా అంటే బెదరలేదు.

గెలిచిన వెంటనే జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య చరిత్రకారుడు హెన్రీ సిగెరిస్టును పిలిపించాడు. ఆయన కొన్ని వారాలు ప్రావిన్సంతా తిరిగి 1944 అక్టోబరుకల్లా నివేదిక ఇచ్చాడు. ప్రావిన్సును ఆరోగ్య ప్రాంతాలుగా విడగొట్టండి, ఆస్పత్రి మంచాలు పెంచండి, జీతం మీద డాక్టర్లను పెట్టండి అని. జీతం అనగానే డాక్టర్ల సంఘం అడ్డం తిరిగింది. ఇక్కడే డగ్లస్ పద్ధతి కనిపిస్తుంది. గొడవ ఉన్న భాగాన్ని పక్కన పెట్టి, లేని భాగంతో మొదలుపెట్టాడు. క్యాన్సర్ చికిత్స ఉచితం చేశాడు. 1945 జనవరి 1 నుంచి వృద్ధాప్య పింఛనుదార్లకు, చూపులేనివాళ్లకు, ఆదరువు లేని తల్లులకు వైద్యం, మందులు ఉచితం. వాళ్ల దగ్గర డాక్టర్లకు ఎలాగూ ఫీజు రాలేది కాదు. ఆ బాకీలు ప్రభుత్వం తీరుస్తానంటే ఎవరు కాదంటారు? 1946లో ఎయిర్ అంబులెన్సు ఎగిరింది. చలికాలంలో మంచుతో రోడ్లు మూసుకుపోయే పల్లెలకు స్కీలు బిగించిన చిన్న విమానమే దిక్కు.

1946 జూలై నుంచి నైరుతి మూలనున్న స్విఫ్ట్ కరెంట్ ప్రాంతంలో స్థానికులే ముందుగా ఓటేసి మొత్తం వైద్యాన్ని బీమా కిందికి తెచ్చుకున్నారు. డాక్టరు ఫీజు కూడా అందులోనే. డబ్బు తలసరి చందా నుంచి కొంత, భూమి పన్ను నుంచి కొంత వచ్చేది. డాక్టర్లకు జీతం కాదు, చేసిన పనికి ఫీజు. అదీ రోగి జేబు నుంచి కాకుండా ఉమ్మడి నిధి నుంచి. రెండేళ్లలో అక్కడ డాక్టర్ల సంఖ్య దాదాపు రెట్టింపయింది. బాకీలు ఎగ్గొట్టేవాళ్లు లేని చోటికి డాక్టర్లు వచ్చారు, అంతే. ఖర్చు అంచనా మించడం మాత్రం మొదటి నుంచీ తలనొప్పే. కొన్నేళ్ల తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా కొంత రుసుము కట్టాలన్నారు. ప్రావిన్సంతటికీ ఈ పథకం పెడితే ఏమేం ఎదురవుతాయో చెప్పే లెక్కల పుస్తకం పదిహేనేళ్ల ముందే అలా చేతికొచ్చింది.

ఇక 1947 నాటి ఆస్పత్రి బీమా. అందరూ చేరాల్సిందే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను వదిలేస్తే రోగులే మిగిలి చందా పెరుగుతుందన్నది తెలిసిన సంగతే. వసూలు పని కొత్త శాఖకు కాకుండా మునిసిపాలిటీ గుమస్తాలకు అప్పగించారు. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో వాళ్లకు ముందే తెలుసు. 5 డాలర్లతో మొత్తం ఖర్చు రాదని మొదటి రోజునే అందరికీ తెలుసు, మిగతాది ఖజానా భరించింది. తర్వాత అమ్మకపు పన్నులో కొంత భాగాన్ని ఆస్పత్రులకు మళ్లించారు.

ఇబ్బందులూ వెంటనే వచ్చాయి. ఏళ్ల తరబడి డబ్బుల్లేక వాయిదా వేసుకున్న హెర్నియా, టాన్సిల్స్ ఆపరేషన్లు ఒక్కసారిగా ఆస్పత్రి గుమ్మం ఎక్కాయి. మంచాలు చాల్లేదు. ముందే ఊహించారు కాబట్టి పథకానికి ముందు నుంచే ఊరి ఆస్పత్రుల నిర్మాణానికి గ్రాంట్లు ఇస్తూ వచ్చారు, అయినా చాల్లేదు. ఇంకో లోపం పథకం కూర్పులోనే ఉంది. మంచమెక్కితే ఖర్చు బీమాది, ఎక్కకపోతే రోగిది. దాంతో బయట చేయించుకోగలిగిన పరీక్షలకు కూడా జనం ఆస్పత్రిలో చేరారు. ఊరూరా చిన్న ఆస్పత్రి కట్టుకున్నారు, దశాబ్దాల తర్వాత వాటిని మూయాల్సొచ్చినప్పుడు పెద్ద రగడే అయింది. పథకం చెడ్డదని కాదు. సగం పథకం తనవైన వంకర్లు తెస్తుంది.

ఆ తొలి ఏళ్లలో వైద్యం ఒక్కటే జరగలేదు. 1944లోనే రైతు భద్రతా చట్టం తెచ్చారు. రైతు ఇల్లున్న 160 ఎకరాల ముక్కను అప్పులవాళ్లు జప్తు చేయకుండా కాపాడింది. పంట పోయిన ఏడాది అసలు బాకీ తగ్గించాలన్న సెక్షను మాత్రం కోర్టుల్లో నిలవలేదు. వడ్డీ ఒట్టావా పరిధిలోని అంశమని కొట్టేశారు. 1946లో కారు బీమా తెచ్చారు. ప్రీమియం విడిగా కట్టే పని లేదు, బండి నంబరు ప్లేటుతోనూ డ్రైవింగ్ లైసెన్సుతోనూ కలిపి వసూలు చేశారు. ప్లేటున్న బండికి బీమా లేకపోవడమన్నది ఉండదు. 1947లో హక్కుల చట్టం వచ్చింది, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన కంటే ఏడాది ముందు. ఓటు వయసు 18కి తగ్గించారు. వేలకొద్దీ ఒంటి గది బడులను లాయిడ్ పెద్ద విద్యా విభాగాల కింద కలిపాడు. ఊరి బడి పోతుందని జనం తిట్టారు, ఆయన కదల్లేదు.

పల్లెలకు కరెంటు ఇవ్వడం కాగితం మీద కనిపించినంత తేలిక కాదు. అక్కడి ఊళ్లు మన ఊళ్లలా ఇళ్లు ఒక్కచోట చేరినవి కావు. చదరపు మైలు కొలతలో గీసిన పొలాలు, ఒక్కో పొలంలో ఒక్కో ఇల్లు. ఒక్క ఇంటికి లైను లాగాలంటే అర మైలో, ఆపైనో స్తంభాలు పాతాలి. 1949 చట్టంతో ఆ ఖర్చులో కొంత రైతు, మిగతాది సస్కాచువాన్ పవర్ కార్పొరేషన్ భరించాయి. ఒక దారిలో తగినంతమంది సంతకం పెడితేనే స్తంభాలు దిగేవి. అందుకని ఒప్పుకోని పక్కింటాయన్ని ఒప్పించే పని ఒప్పుకున్న రైతులే నెత్తినేసుకున్నారు. 1950ల చివరికి పదుల వేల రైతు ఇళ్లలో దీపాలు వెలిగాయి.

ఓడిపోయిన పనులూ ఉన్నాయి. ప్రావిన్సు రాజధాని రిజైనాలో బూట్ల ఫ్యాక్టరీ, తోళ్ల కర్మాగారం, మూస్ జాలో ఉన్ని మిల్లు, ప్రిన్స్ ఆల్బర్ట్‌లో చెక్కపెట్టెల ఫ్యాక్టరీ. తోలు, ఉన్ని ఇక్కడే దొరుకుతాయి కదా, సరుకు ఇక్కడే తయారు చేద్దామన్నది ఆలోచన. పది లక్షల మంది కూడా లేని ప్రావిన్సులో బూట్లెన్ని అమ్ముడవుతాయి? తూర్పున ఒంటారియో, క్విబెక్ ఫ్యాక్టరీలు అంతకంటే చౌకగా, రకరకాల అచ్చుల్లో పంపేవి. ఒకదాని తర్వాత ఒకటి మూసేశారు. పోటీ లేని చోట, అంటే కరెంటు, టెలిఫోను, బస్సులు, బీమాల్లో, ప్రభుత్వ సంస్థలు నిలిచాయి. చాప్లిన్‌లో సోడియం సల్ఫేటు కర్మాగారం లాభాలు చూసింది. సహజ వనరుల మంత్రి జో ఫెల్ప్స్ ఆత్రం ఎక్కువ ఉన్న మనిషి, ఆ ఫ్యాక్టరీల నింద చాలావరకు ఆయన మీద పడింది, 1948లో తన సీటు కూడా పోయింది. ఆ ఎన్నికల్లో సీసీఎఫ్ 47 నుంచి 31కి దిగింది.

డగ్లస్ దాన్నుంచి నేర్చుకున్నాడు. అప్పటికే జార్జ్ కాడ్‌బరీని, ఆ చాక్లెట్ల కుటుంబంవాడే, ఇంగ్లండు నుంచి రప్పించి ప్రణాళికా బోర్డు పెట్టాడు. బడ్జెట్ బ్యూరో పెట్టాడు. యుద్ధకాలంలో జపనీస్ కెనడియన్లను పసిఫిక్ తీరం నుంచి తరిమేసినప్పుడు వాళ్ల పత్రిక నడిపిన టామీ షోయామాకు మిగతాచోట్ల తలుపులు మూసుకుపోతే, రిజైనాలో ఉద్యోగం ఇచ్చాడు. షోయామా తర్వాత దేశ ఆర్థిక శాఖలో అత్యున్నత అధికారి అయ్యాడు. ఏ పథకానికైనా ముందు ఈ బృందం లెక్క తేల్చాలి, తర్వాతే మంత్రివర్గం మాట్లాడాలి. ఆ రోజులు తలుచుకునేవాళ్లు డగ్లస్ ప్రసంగాల గురించి చెప్పినంతగా ఈ గుమస్తాల గది గురించి చెప్పరు. నా దృష్టిలో సగం పేరు ఆ గదిది.

1957 మే 20న మాస్‌బ్యాంక్ అనే చిన్న ఊళ్లో జరిగిన చర్చ గురించి పాతవాళ్లు ఇప్పటికీ ఇష్టంగా చెప్పుకుంటారు. రాస్ థాచర్ ఒకప్పుడు సీసీఎఫ్ ఎంపీ. పార్టీ విడిచి లిబరల్ అయ్యాడు. ప్రభుత్వ సంస్థలన్నీ నష్టాలేనని పార్లమెంటులో గోలపెడుతుంటే, డగ్లస్ ముఖాముఖి తేల్చుకుందాం రమ్మన్నాడు. థాచర్ ఎంచుకున్న ఊరు మాస్‌బ్యాంక్. హాలు పట్టనంత జనం, రేడియోలో ప్రత్యక్ష ప్రసారం. బూట్ల ఫ్యాక్టరీ లెక్కలు థాచర్ చదివాడు, కరెంటు, టెలిఫోను లెక్కలు డగ్లస్ చదివాడు. ఎవరు గెలిచారో తేలలేదు. డగ్లస్‌తో మాటల్లో సమవుజ్జీగా నిలవడమే అప్పటికి ఘనత కాబట్టి లాభం థాచర్‌కే చెందింది. ఏడేళ్లకు ఆయన ప్రీమియర్ అయ్యాడు.

అసలు ఘట్టం 1957లోనే, ఒట్టావాలో మొదలైంది. ఆస్పత్రి బీమా పెట్టిన ప్రావిన్సులకు దాదాపు సగం ఖర్చు ఇస్తామని ఫెడరల్ ప్రభుత్వం చట్టం చేసింది. 1958 జూలై 1 నుంచి ఆ డబ్బు రావడం మొదలైంది. అంటే పదకొండేళ్లుగా సస్కాచువాన్ ఒంటరిగా మోస్తున్న బరువులో సగం దిగింది. డాక్టరు ఫీజుల బీమాకు డబ్బు అలా దొరికింది. 1947లోనే ఎందుకు పెట్టలేదని డగ్లస్‌ను అడిగినవాళ్లకు జవాబు ఇదే. ఉత్త ఖజానాతో డాక్టర్ల మీదికి పోతే, రెండేళ్లలో రెండు పథకాలూ కూలేవి.

1959 ఏప్రిల్లో బర్చ్ హిల్స్ ఉప ఎన్నిక సభలో ఆ బీమా తెస్తానని చెప్పాడు. డిసెంబరు 16న రేడియోలో అయిదు సూత్రాలు వివరించాడు. ముందుగా చందా కట్టాలి. అందరికీ వర్తించాలి. వైద్యం నాణ్యత తగ్గకూడదు. జవాబుదారీ ఉన్న ప్రభుత్వ సంస్థ నడపాలి. ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ ఇష్టమై ఉండాలి. ఈ చివరి సూత్రమే ఆయన మెడకు చుట్టుకుంది. ఇష్టం లేదన్నది డాక్టర్ల సంఘం చేతిలోని మాట. దాన్ని వాళ్లు మూడేళ్లు వాడుకున్నారు.

డాక్టర్లకు అప్పటికే సొంత బీమా సంస్థలున్నాయి, సస్కటూన్‌లో ఒకటి, రిజైనాలో ఒకటి. కట్టగలిగినవాళ్లు అందులో చేరేవాళ్లు. లేనివాళ్లకు ప్రభుత్వం చందా కడితే చాలు కదా అన్నది వాళ్ల వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఎవరు లేనివాళ్లో తేల్చడానికి ఇంటింటి ఆదాయం తవ్వాలి, జబ్బు మనుషుల్ని ఆ సంస్థలు చేర్చుకోకపోవచ్చు. 1960 జూన్ 8 ఎన్నికలు దాదాపు ఈ ఒక్క అంశం మీదే జరిగాయి. డాక్టర్ల సంఘం ఒక్కో డాక్టరు దగ్గర 100 డాలర్లు వసూలు చేసి ప్రచారానికి దిగింది. మన డాక్టర్లు వెళ్లిపోతారు, ఐరోపా నుంచి పనికిమాలినవాళ్లను దింపుతారు అని కరపత్రాలు పంచారు. వలస వచ్చిన ఉక్రేనియన్, జర్మన్ కుటుంబాలున్న చోట ఆ మాట ఎదురు తన్నింది. సీసీఎఫ్ గెలిచింది, కానీ 40 శాతం పైచిలుకు ఓట్లతో. మిగతా ఓట్లు మూడు పార్టీల మధ్య చీలాయి. అసలు బలం ఎంతో డగ్లస్‌కు తెలుసు.

అప్పటికే ఒక సలహా కమిటీ నడుస్తోంది. అధ్యక్షుడు డబ్ల్యు.పి. థాంప్సన్, సస్కాచువాన్ విశ్వవిద్యాలయం మాజీ అధ్యక్షుడు. డాక్టర్లకూ అందులో చోటిచ్చారు. పేర్లు పంపడంలో వాళ్లు ఆలస్యం చేశారు, తర్వాత విచారణ సాగదీశారు. మధ్యంతర నివేదిక 1961 సెప్టెంబరుకు గానీ రాలేదు. మెజారిటీ అందరికీ వర్తించే బీమా అంది, డాక్టర్లు విడిగా తమ అసమ్మతి రాశారు.

ఈలోగా ఇంకో పరిణామం. సీసీఎఫ్, కార్మిక సంఘాలు కలిసి న్యూ డెమోక్రటిక్ పార్టీ, అంటే ఎన్డీపీ, పెట్టాయి. 1961 ఆగస్టు 3న ఒట్టావాలో డగ్లస్ దానికి నాయకుడిగా ఎన్నికయ్యాడు. నవంబరు 7న ప్రీమియర్ పదవి వదిలేశాడు. వైద్య బీమా చట్టం పది రోజులకు, నవంబరు 17న ఆమోదం పొందింది. పదిహేడేళ్లు మోసుకొచ్చిన పనిని చివరి మెట్టు దగ్గర లాయిడ్ భుజం మీద పెట్టి వెళ్లాడని కొందరికి ఇప్పటికీ కోపం. నాకూ అది సరైన సమయం అనిపించదు. డగ్లస్ నవ్వించి లొంగదీసేవాడు, లాయిడ్ బడిపంతులులా మొహం మీద చెప్పేవాడు. డాక్టర్ల గొడవకు ఏది మేలయ్యేదో చెప్పడం కష్టమే. నవ్వితే వాయిదా పడేదేమో, పంతులు కాబట్టే తేదీ మీద నిలబడ్డాడేమో.

తేదీ మొదట 1962 ఏప్రిల్ 1 అనుకుని, జూలై 1కి జరిపారు. మధ్యలో జూన్ 18న ఫెడరల్ ఎన్నికలు. కొత్త పార్టీ నాయకుడు డగ్లస్ తన సొంత రిజైనాలోనే ఘోరంగా ఓడిపోయాడు. ఆయన ఊరేగుతుంటే కొన్ని వీధుల్లో నాజీ అంటూ అరిచారు. డాక్టర్ల భయం, ఆ భయాన్ని రాజేసిన పత్రికలు, అమ్మకపు పన్ను పెంపు, అన్నీ కలిసి ఆయన మీద పడ్డాయి. రెండు వారాలకు పథకం అమల్లోకి వచ్చింది. అదే రోజు డాక్టర్లు క్లినిక్కులు మూసేశారు.

ఆ సమ్మె 23 రోజులు సాగింది. అది నడిచిన తీరు చూస్తే, ఎక్కడ వీగిపోయిందో తెలుస్తుంది. కొన్ని ఆస్పత్రుల్లో అత్యవసర సేవలకు కొందరు డాక్టర్లను ఉంచారు. ప్రభుత్వం బ్రిటన్ నుంచి డాక్టర్లను పిలిపించింది. ప్రిన్స్ ఆల్బర్ట్, సస్కటూన్, రిజైనాల్లో జనమే చందాలు వేసుకుని సహకార క్లినిక్కులు తెరిచారు. జూలై 11న శాసనసభ ముందు "మన డాక్టర్లను కాపాడుకుందాం" కమిటీల మహాసభ. పదుల వేల మంది వస్తారని ప్రకటించుకున్నారు, వచ్చింది నాలుగైదు వేలు. సమ్మె వెన్ను ఆ మధ్యాహ్నం విరిగింది. బ్రిటిష్ ప్రభువుల సభ సభ్యుడు, తనూ డాక్టరే అయిన లార్డ్ టేలర్ హోటల్ గదుల మధ్య తిరుగుతూ రాజీ కుదిర్చాడు. జూలై 23న సస్కటూన్ ఒప్పందం.

డాక్టర్లకు దక్కింది తక్కువేం కాదు. జీతం లేదు, పనికి ఫీజే. కావాలంటే తమ పాత బీమా సంస్థల ద్వారా బిల్లు పంపుకోవచ్చు. పథకం బయట ఉండి రోగి దగ్గర అదనంగా పుచ్చుకోవచ్చు కూడా. ఆ చివరి సందులోంచే తర్వాత ఇరవై ఏళ్లు అదనపు బిల్లులు కారాయి. 1984 కెనడా ఆరోగ్య చట్టం దాకా ఆ సందు పూడలేదు. మరోవైపు, డాక్టర్ల ఆదాయం పెరిగింది. బాకీ ఎగ్గొట్టే రోగి లేడు కదా. స్విఫ్ట్ కరెంట్‌లో 1946లో జరిగిందే ప్రావిన్సంతటా జరిగింది. 1964లో గెలిచిన థాచర్ పథకాన్ని ఎత్తేయలేదు. 1968లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ డాలరున్నర కట్టాలన్నాడు. 1971లో అలెన్ బ్లేకెనీ నాయకత్వంలో ఎన్డీపీ తిరిగొచ్చి దాన్ని తీసేసింది.

డగ్లస్ ఒట్టావా జీవితం వేరే రకం. 1962 అక్టోబరులో బ్రిటిష్ కొలంబియాలోని బర్నబీ–కాక్విట్లాం ఉప ఎన్నికలో గెలిచి పార్లమెంటుకు వెళ్లాడు. ఆయన నాయకత్వంలో జరిగిన నాలుగు ఎన్నికల్లో పార్టీకి 19, 17, 21, 22 సీట్లు, అంతకు మించలేదు. కానీ ప్రధాని పియర్సన్‌ది మైనారిటీ ప్రభుత్వం, ఇతరుల మద్దతు లేనిదే నిలవదు. సస్కాచువాన్ జడ్జి ఎమెట్ హాల్ అధ్యక్షుడిగా ఉన్న కమిషన్ 1964లో, దేశమంతటా సస్కాచువాన్ పద్ధతే పెట్టాలంది. 1966లో చట్టమయింది, 1968 జూలై 1 నుంచి సగం ఖర్చు ఒట్టావాది. 1972కల్లా అన్ని ప్రావిన్సులూ చేరాయి. ఈలోపు 1968 ఎన్నికల్లో డగ్లస్ 138 ఓట్లతో మళ్లీ ఓడాడు, మరుసటేడు వాంకూవర్ దీవి నుంచి ఉప ఎన్నికలో గెలిచాడు. 1970 అక్టోబరులో క్విబెక్‌లో వేర్పాటువాదుల కిడ్నాపుల తర్వాత ప్రధాని పియర్ ట్రూడో పౌరహక్కులను పక్కన పెట్టే యుద్ధకాలపు చట్టం ప్రయోగిస్తే, సభంతా లేచి చప్పట్లు కొడుతుంటే, ఎన్డీపీలో ఎక్కువమందిని వెంటబెట్టుకుని వ్యతిరేకంగా ఓటేశాడు. 190కి 16. జనం అప్పుడు తిట్టిపోశారు. 1971లో నాయకత్వం, 1979లో సీటు వదిలేశాడు. అన్ని ఏళ్లూ పోలీసుల నిఘా విభాగం ఆయన మీద ఫైలు నడిపిందని తర్వాత బయటపడింది. వెయ్యి పేజీలు దాటిన ఫైలు.

చివరి ఏళ్లలో ఆయన పదేపదే చెప్పింది రెండో దశ గురించి. డబ్బు అడ్డంకి తీసేయడం మొదటి దశ. జబ్బు రాకుండా చూడటం, డాక్టరొక్కడే కాకుండా నర్సులు, ఇతర సిబ్బంది కలిసి పనిచేసే క్లినిక్కులు, మందులు, పళ్ల వైద్యం, ఇవి రెండో దశ. సస్కాచువాన్‌లో బ్లేకెనీ 1974లో బళ్లలోనే పిల్లలకు పళ్ల వైద్యం పెట్టాడు. శిక్షణ పొందిన డెంటల్ నర్సులు చేసేవాళ్లు. దంతవైద్యుల సంఘానికి నచ్చలేదు, 1987లో కన్సర్వేటివులు ఎత్తేశారు. డగ్లస్ అప్పటికే లేడు, 1986 ఫిబ్రవరి 24న ఒట్టావాలో పోయాడు.

పళ్ల వైద్యం సంగతి దేశస్థాయిలో మళ్లీ కదిలింది 2022లో. మరో మైనారిటీ ప్రభుత్వానికి ఎన్డీపీ మద్దతివ్వడానికి పెట్టిన షరతుల్లో అదొకటి. అప్పటి పార్టీ నాయకుడు జగ్మీత్ సింగ్ కూడా బర్నబీ ఎంపీయే. 2023 డిసెంబరులో ఆ పథకానికి దరఖాస్తులు తెరిచినప్పుడు 87 ఏళ్లు దాటినవాళ్లతో మొదలుపెట్టారు. తర్వాత 77 దాటినవాళ్లు, ఆపైన 72 దాటినవాళ్లు. పిల్లల వంతు 2024 జూన్‌లో వచ్చింది, మిగతా పెద్దల వంతు 2025లో.